చిటికె దాచని మాట

అనగనగా ఒక అడవి. అడవంటే మామూలు అడవి కాదర్రా పిల్లలూ, చెట్టుచెట్టుకీ దూలగొండి తీగలు అల్లుకున్న అడవి. ఆ కాయ తగిలితే చాలు, ఒకటే దురద! ఒళ్లంతా దట్టమైన బొచ్చున్న ఎలుగు తాత ఒక్కడే వాటిని కోయగలడు. అడవికంతా వైద్యుడు ఆయనే.

ఆ అడవిలో చిటికె అని ఒక చిట్టెలుక ఉండేది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి దాని కాళ్లు బిగుసుకుపోయేవి. గద్ద వస్తున్నా కదలలేకపోయేది. పాపం, దాని బతుకంతా కలుగు గుమ్మంలోనే గడిచిపోతోంది.

ఆ ఎండాకాలం ఏనుగుల పెద్ద సింగారమ్మకూ అదే జబ్బు వచ్చింది. మడుగు ఎండిపోతోంది. ఏటికి దారి తెలిసింది ఆవిడ ఒక్కదానికే. ఆవిడ కదలకపోతే గున్నలు దాహంతో చచ్చిపోతాయి.

"దూలగొండి గింజలో దీనికి మందు ఉందని నా అనుమానం. ఎంత ఇవ్వాలో మాత్రం తెలియదు" అని ఎలుగు తాత తల గోక్కున్నాడు.

"ముందు నాకిచ్చి చూడు తాతా" అంది చిటికె. "నాదీ అదే జబ్బు. పెద్దమ్మ పడితే ఎవరు లేపుతారు? నేను పడితే ఎండుటాకు మీద పడతాను."

తాతకు కళ్లు చెమర్చాయి. "ఏ కాస్త తేడాగా ఉన్నా నాకు చెప్పాలి" అని మాట తీసుకున్నాడు. గింజను పొడి కొట్టి, తేనెలో రంగరించి నాకించాడు.

మర్నాడు చిటికె పరుగే పరుగు! పుట్టి బుద్ధెరిగాక అది అలా పరుగెత్తింది లేదు. ఏనుగులు ఆనందంతో ఘీంకరించాయి. "ఇంకా చూస్తావేం తాతా? మా అమ్మమ్మకు బుట్టెడు పెట్టెయ్!" అన్నాయి.

పొద్దు వాలేసరికి కలుగులో చిటికె మెడ దానంతటదే మెలికలు తిరిగింది. కాళ్లు ఆగమన్నా ఆగలేదు. ఎవరూ చూడలేదు. చెబితే తాత మందు తగ్గిస్తాడు. మళ్లీ ఆ గుమ్మం, ఆ బిగుసుకుపోవడం. తలచుకుంటేనే చిటికెకు ఏడుపొచ్చింది. అయినా తెల్లవారగానే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అంత చిన్న ప్రాణికి ఎంత గుండె నిబ్బరమో చూడండి!

"నిన్న బాగానే పరుగెత్తావుగా!" అని ఏనుగులు కసురుకున్నాయి.

"పరుగూ నిజమే, ఆగలేకపోవడమూ నిజమే" అంది చిటికె. "పెద్దమ్మ ఇలా ఊగిపోతే గున్నల మీదే పడుతుంది."

ఏనుగులు గున్నలను దగ్గరకు లాక్కున్నాయి.

తాత మందు బాగా తగ్గించాడు. అనుకున్నంతా అయింది. చిటికె మళ్లీ గుమ్మంలో బిగుసుకుపోయింది. తాత పక్కనే కూర్చుని గద్ద రాకుండా కాపలా కాశాడు. తరువాత మందు పిసరంత పెంచాడు. ఈసారి చిటికె నిదానంగా నడిచింది. ఆగాలనుకున్న చోట ఆగింది.

అప్పుడు తాత సింగారమ్మకూ కొద్దికొద్దిగా, చూసుకుంటూ మందు పెంచాడు. ఆవిడ కాళ్లు కదిలాయి. గుంపంతా ఏటివైపు బయలుదేరింది.

కొంత దూరం పోయాక సింగారమ్మ ఠక్కున ఆగింది. గున్నలు ఆవిడ చుట్టూ మూగాయి.

"అమ్మమ్మా, మళ్లీ బిగుసుకుపోయావా?"

"లేదర్రా, ఈసారి నేనే ఆగాను" అని నవ్వి, సింగారమ్మ తొండం నేలకు దించింది. "ఎక్కు చిటికె తల్లీ. నీ కాళ్లకు ఏరు చాలా దూరం."

నీతి: తనకు నష్టమని తెలిసినా నిజం దాచనివాళ్లు, ఎంత చిన్నవాళ్లయినా, నలుగురి ప్రాణాలు నిలబెడతారు.