చిన్నమల్లి హాజరు

కుందవరం అనే రాజ్యం ఒకటుండేది. దాన్నేలిన గజకేసరి మహారాజుకు బిరుదులు ఇరవై రెండు. అన్నీ తానే పెట్టుకున్నాడు కాబట్టి ఒక్కటీ మర్చిపోయేవాడు కాదు.

ఆ మహారాజు ఒకరోజు కోట పక్కనున్న చిన్నపిల్లల బడికి వెళ్ళాడు. ఓబుళయ్య అనే ముసలి అయ్యవారు నలభైమంది పిల్లలకు అక్షరాలూ, ఎక్కాలూ, పద్యాలూ అన్నీ తానొక్కడే చెబుతున్నాడు. ఇసుకలో దిద్దిస్తున్నాడు, మధ్యలో ఒకడి ముక్కు తుడుస్తున్నాడు. రాజుకు ఒళ్ళు మండింది.

"వంటవాడు వండాలి, వడ్రంగి చెక్కాలి. అన్నీ ఒక్కడే చేస్తే ఏదీ సరిగ్గా రాదు. మా కుమార్తె కూడా చదివే బడి ఇది!" అన్నాడు.

వారం తిరక్కుండా అయిదు గదుల రాతిబడి లేచింది. అక్షరాలకొకరు, లెక్కలకొకరు, పద్యాలకొకరు, నీతికొకరు, చిత్రలేఖనానికొకరు, మొత్తం అయిదుగురు మహాపండితులు వచ్చారు. ఓబుళయ్యను ఇంటికి పంపేశారు. రెండు గడియలకోసారి నగారా మోగుతుంది. మోగగానే పిల్లలు ఒక గది విడిచి ఇంకో గదికి నడవాలి. రాజకుమార్తె అని ఎవరూ పక్షపాతం చూపకూడదని అందరికీ ఒకేలాంటి తెల్ల అంగీ, తెల్ల తలగుడ్డ పెట్టారు.

నెల తిరిగేసరికి ఆ వీధి మనుషులకు ఒక సంగతి తోచింది. నలభైమంది పిల్లలున్న చోట చప్పుడు లేదు! నగారా మోగుతుంది, తెల్లని వరసలు వసారాలో అటూ ఇటూ కదులుతాయి. ఒక్క నవ్వు వినపడదు, ఒక్క ఏడుపూ వినపడదు. పెరుగమ్మే ఆవిడ ఆ దారి మానేసి చుట్టూ తిరిగి పోయేది.

రాజకుమార్తె కువలయకు ఆరేళ్ళు. వసపిట్టలా వాగే పిల్ల ఇంట్లోనూ మాట మానేసింది. అడిగితే చూస్తుంది, అంతే. రాణి దిగులుతో మంచం పట్టింది. రాజు మాత్రం మీసం దువ్వాడు. "అది మౌనం కాదు, రాజగాంభీర్యం. చదువు ఒంటబట్టింది."

ఆ కొలువులో తిప్పన అని ఒక చమత్కారి ఉన్నాడు. కువలయ అతడి భుజమెక్కి పెరిగింది. ఆ పిల్ల కళ్ళు చూస్తే అతడికి గుండె చివుక్కుమంది. నేరుగా చెబితే వినే రాజు కాదు కదా!

"మహారాజా, మన పండితులు పిల్లల్ని ఎంతగా ఎరుగుదురో చూపిస్తాను. పదిహేను రోజులు గడువివ్వండి" అన్నాడు.

"చూపించు. వాళ్ళలో లోపం పట్టలేకపోయావో, మళ్ళీ మా కొలువులో అడుగుపెట్టకు" అన్నాడు రాజు.

పదహారోనాడు తిప్పన పండితుల్ని సభకు పిలిపించాడు. "అయ్యలారా, చిన్నమల్లి అనే పిల్ల ఎలా చదువుతోంది?"

"ఓహో, చామనఛాయ పిల్ల. అక్షరాలు ముత్యాలే" అన్నాడు మొదటాయన.

"తెల్లగా ఉంటుంది. కూడికల్లో కొంచెం మందం" అన్నాడు లెక్కలాయన.

"గొంతు భలే గొంతు!" అన్నాడు పద్యాలాయన. నీతి పండితుడు ఆ పిల్ల పొడుగరి అన్నాడు. చిత్రకారుడు బొద్దుగా పొట్టిగా ఉంటుందన్నాడు. హాజరు పట్టీ చూపించారు. పదిహేను రోజులూ, అయిదు గదుల్లోనూ హాజరు.

రాజు ముఖం చిట్లించాడు. "ఒక్క పిల్లకు ఇన్ని రూపాలేమిటి? పదండి, చూద్దాం."

అందరూ బడికి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. పిల్లలు వసారాలో వరసగా నిలబడ్డారు. నీతి పండితుడు పట్టీ పట్టుకుని "చిన్నమల్లీ!" అని పిలిచాడు. ఎవరూ ముందుకు రాలేదు. కానీ పిల్లలందరూ కొంచెం పక్కకు జరిగారు. వరస మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది.

రాజు ఒకడుగు వెనక్కి వేశాడు. తిప్పనా వేశాడు, ఎందుకంటే ఆ పని పిల్లలకు అతడు నేర్పలేదు.

"ప్రభూ," అన్నాడు తిప్పన, "చిన్నమల్లి అనే పిల్లే లేదు. ఆ పేరు పట్టీలో చేర్చింది నేను. వీళ్ళు పేర్లు చదువుతారు, తలెత్తరు. ఈ గదిలో లేకపోతే పక్క గదిలో ఉందనుకుంటారు."

ఓబుళయ్యనూ తిప్పన వెంట తెచ్చాడు. ముసలాయన వసారా మెట్టెక్కగానే పిల్లలందరూ ఎవరూ చెప్పకుండానే కుడిచేతులు చాపారు.

"ఏమిటిది?" అన్నాడు రాజు.

"వీధిబడి ఆచారం, ప్రభూ. పొద్దున ముందొచ్చిన బిడ్డ అరచేతిలో శ్రీ రాస్తాం, రెండో బిడ్డకు చుక్క పెడతాం. ఆ వంకన అందరి చేతులూ పట్టుకుంటాను. ఎవరికి ఒళ్ళు వెచ్చగా ఉందో, ఎవరు తినకుండా వచ్చారో తెలుస్తుంది" అంటూ ఒక్కొక్క చెయ్యీ పట్టుకుని వరస చివరికి వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు.

"ముప్పైతొమ్మిది చేతులే ఉన్నాయి ప్రభూ. మన కువలయమ్మ చెయ్యి లేదు."

"పల్లకీలో పొద్దున వచ్చిందే!" అన్నాడు రాజు. నీతి పండితుడు పట్టీ తిప్పి చూశాడు. పట్టీలో కువలయకు ఈరోజూ అయిదు గదుల్లో హాజరు పడి ఉంది.

"లేని పిల్ల అయిదు గదుల్లోనూ ఉంది. ఉన్న పిల్ల ఒక్క గదిలోనూ లేదు" అన్నాడు తిప్పన. అందరూ వెతకడానికి పరుగెత్తారు.

బడి వెనక ఒక చీకటి కొట్టు. పాత బడిలోని ఇసుకంతా తెచ్చి అందులో పోశారు. తలుపు తోస్తే, ఇసుకలో కువలయ కూర్చుని ఉంది. నగారా మోగినప్పుడల్లా వరసలు కలగాపులగమవుతాయి కదా, ఒకరోజు ఆ సందట్లో తప్పుకుని వచ్చింది. అప్పట్నుంచి రోజూ అంతే, సాయంత్రం పల్లకీ వేళకు వరసలో కలిసేది. ఇరవై రోజులైనా ఎవరూ వెతకలేదు.

రాజు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బిరుదులు ఒక్కటీ గుర్తు రాలేదు. "తల్లీ, ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఉన్నావా ఇక్కడ?"

"లేదు నాన్నగారూ" అంది కువలయ. నెల తర్వాత విన్న గొంతు. "చిన్నమల్లి ఉందిగా. రోజూ పిలుస్తారు, ఇక్కడికి వినిపిస్తుంది. తను పలకదు. నాలాగే దాక్కుందనుకుని నేను రమ్మన్నాను."

రాజు బిడ్డను ఎత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ పండితుల వైపు చూసేసరికి నవ్వొచ్చింది. ఆ రెండూ కలిసి వచ్చేసరికి పొట్ట చేత్తో పట్టుకున్నాడు.

"అయ్యలారా, మీరు చిన్నమల్లికే చదువు చెప్పండి, బాగా అలవాటైంది కదా! మా పిల్లలకు ఓబుళయ్య చెబుతాడు."

"వాళ్ళ పాండిత్యం వృథా చేయకండి ప్రభూ," అన్నాడు తిప్పన. "పదేళ్ళు నిండిన పిల్లలకు అయిదుగురు కాదు, పదిమంది చెప్పినా మేలే. ఆరేళ్ళ బిడ్డకు ముందు తనను ఎరిగినవాడు ఒకడు కావాలి."

"అలాగే కానీ" అంటూ రాజు మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు.

అందరూ వెళ్ళిపోయారు. ఓబుళయ్య మాత్రం ఇసుక దగ్గరే వంగి నిలబడ్డాడు. తిప్పన వెనక్కి వచ్చాడు. ఇసుకలో అక్షరాలు రెండు వరసలుగా ఉన్నాయి.

"ఇది కువలయమ్మ దస్తూరీ," అన్నాడు ముసలాయన మెల్లగా. "నలభైమంది చేతిరాతా నేనెరుగుదును నాయనా. ఈ రెండో వరస వాళ్ళెవరిదీ కాదు."

తిప్పన మెడ మీద ముత్యాలు చల్లగా తగిలాయి. అతడు వంగి ఆ గుండ్రటి అక్షరాల మీద వేలు ఆడించి చూశాడు.

"రెండో అక్షరం వంకరగా ఉంది అయ్యవారూ," అన్నాడు. "రేపు చిన్నమల్లి చేత కూడా దిద్దించండి."