చెంగమ్మ దాచుకున్న పరిమళం

పొగడకోన అడవిలో కుందేళ్ళు, ముళ్ళపందులు, ఎలుగుబంట్లు, తేనెటీగలు ఇరుగుపొరుగుగా బతికేవి. వాటన్నిటికీ తోడేలంటేనే హడల్. వానాకాలం వస్తే ఆ హడల్ రెట్టింపయ్యేది. తడిసిన బొచ్చు వాసన బొరియల్లోంచి గుప్పున బయటికి కొట్టేది. పొద్దుగూకే వేళ తోడేలు ఆ వాసన పట్టుకుని, పిల్లలున్న బొరియలు వెతుక్కుంటూ వచ్చేది.

అందుకని ఎలుగుబంటి తాత ఏటా తేనెమైనం కరిగించి, పొగడపూల పరిమళం పట్టించి, వెలగపండు డిప్పల్లో పోసి కొవ్వొత్తులు చేసేవాడు. అవి వెలిగితే బొరియంతా పూలవాసనే. ఆ ఏడు తేనెపట్లు బాగా తగ్గాయి. ఇంటికి ఒక్కటే వచ్చింది.

"తోడేలు తిరిగే వేళంతా వెలగనివ్వండి. పైన మైనం డిప్ప అంచుదాకా కరిగేవరకూ మాత్రం ఆర్పకండి. ఆరాక వత్తి మీది నలుపు గిల్లేయండి" అని తాత అందరికీ చెప్పాడు.

చెంగమ్మ అనే కుందేలు ఆ మాటలు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. అంత పొడుగు చెవులుండి ఏం లాభం! ఇంట్లో చూస్తే ముగ్గురు పసిపిల్లలు. వాళ్ళకింకా సరిగ్గా గెంతడం కూడా రాదు.

రోజూ సాయంత్రం చెంగమ్మ కొవ్వొత్తి వెలిగించేది. కాస్త పరిమళం ముక్కుకి తగలగానే ఉఫ్‌మని ఊదేసేది. అదృష్టం బాగుండి తోడేలు అప్పుడు కొండకి అవతల తిరుగుతోంది.

పక్క బొరియలో సూదమ్మ అనే ముళ్ళపంది ఉండేది. రెండిళ్ళకీ మధ్య మట్టిగోడలో ఒక కంత ఉంది. చెంగమ్మ అందులోంచి తొంగి చూసి వెక్కిరించేది.

"ఏం వదినా, అంతసేపు వెలిగిస్తున్నావు? నీది సగానికి వచ్చేసింది. నాది చూడు, అంచు వరకూ నిండుగా ఉంది!"

"అంచు సరే వదినా, నడిమధ్య ఎలా ఉందో చూశావా?" అనేది సూదమ్మ.

"నా పొదుపు చూసి నీకు కుళ్ళు" అని చెంగమ్మ మూతి తిప్పుకునేది.

ఒక సాయంత్రం వాన వెలిసింది. కొమ్మ మీది ఉడుత కెవ్వుమంది. "తోడేలు! ఇటే వస్తోంది!"

చెంగమ్మ గబగబా చెకుముకి రాయి కొట్టింది. వత్తి అంటుకుంది, చుయ్‌మని ఆరిపోయింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఆరిపోయింది. డిప్పలోకి వంగి చూసింది. చుట్టూ మైనం గోడలా నిలబడి ఉంది. రోజూ తొందరగా ఊదేయడంతో వత్తి చుట్టూ ఉన్నదే కరిగి, మధ్యలో లోతైన గొయ్యి పడింది. ఆ గోతి అడుగున, కరిగిన మైనంలో, వత్తి మునిగిపోయి ఉంది.

"అయ్యో! ఇంత మైనం ఉండగా వెలగదేమిటి?" అంది చెంగమ్మ.

గుమ్మంలో నల్లటి ముక్కు కనబడింది. "ఆహా, కుందేలు పిల్లలు!" అంది తోడేలు.

"వదినా!" అని అరిచి చెంగమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే కంతలోకి తోసింది. అవతల సూదమ్మ ముళ్ళు ముడుచుకుని వాళ్ళని అందుకుంది. ఆఖరున చెంగమ్మ దూరుతుంటే ఎడమ చెవి కొస తోడేలు పళ్ళకి చిక్కింది. గింజుకుంటే చెవి తెగింది గానీ ప్రాణం దక్కింది. తోడేలు తవ్విన తవ్వుడుకి బొరియ కూలి, కంత పూడుకుపోయింది.

తోడేలు చుట్టూ తిరిగి సూదమ్మ గుమ్మానికి వచ్చింది. లోపల దీపం నిలకడగా వెలుగుతోంది. మైనం అంచుదాకా సమంగా కరిగి ఉంది. తోడేలు ఒకసారి వాసన చూసింది, రెండోసారి చూసింది.

"థూ! ఇక్కడ పూలు తప్ప ఏమీ లేవు" అని వెళ్ళిపోయింది.

తెల్లారాక చెంగమ్మ కూలిన ఇంట్లో తన డిప్ప వెతికి తీసింది. అది ఇంకా నిండుగానే ఉంది. ఆ నిండుదనం చూసి ఆమెకి ఏడుపు ఆగలేదు. ఇల్లు పోయింది, చెవి పోయింది, మైనం మాత్రం మిగిలింది.

"ఏడవకు వదినా, ఇది బాగుపడుతుంది" అంది సూదమ్మ. డిప్పని ఎండలో పెట్టింది. మైనం మెత్తబడగానే తన ముల్లుతో వత్తిని పైకి లాగింది. తన ముల్లుతో వత్తిని పైకి లాగింది. రాత్రంతా వెలిగి అయిపోయిన తన డిప్పని కూడా పారెయ్యకుండా పిల్లల గడ్డిపరుపులో దాచింది. అందులో ఇంకా పరిమళం ఉంది.

ఆ సాయంత్రం సూదమ్మ ఇంట్లోనే చెంగమ్మ తన కొవ్వొత్తి వెలిగించింది. పూలవాసన వచ్చింది. చిన్న పిల్ల ముద్దుగా బుగ్గలు పూరించింది. "అమ్మా, వాసన వచ్చేసిందిగా. ఉఫ్ అననా?"

చెంగమ్మ ఉలిక్కిపడి దాని నోరు మూసింది. ఇంకో చేత్తో తెగిన చెవి తడుముకుంది.

"వద్దు తల్లీ. అంచుదాకా కరగనీ."

నీతి: అవసరానికి వాడుకోవలసిన దాన్ని పిసినారితనంతో దాచుకుంటే, అది నిండుగా మిగిలి ఉన్నా ఆపదలో అక్కరకు రాదు.