కాసింబీ గది కరెంటు

ఆ నెల దర్గాకు కరెంటు బిల్లు రెట్టింపు వచ్చింది. దస్తగిరికి మనసు మనసులో లేదు.

పెన్న ఒడ్డున చిన్న దర్గా అది. అక్కడుండేది ముగ్గురే. గురువు హుసేన్ పీరుగారు, ఆయన శిష్యుడు దస్తగిరి, వెనక గదిలో బట్టలు కుట్టుకునే కాసింబీ. వచ్చే కానుకలతోనే బాటసారులకు మధ్యాహ్నం అన్నం పెడతారు. బిల్లు ఇలాగే వస్తే ఆ అన్నం ఆగిపోతుంది.

దస్తగిరి అడగని మనిషి లేడు. టీకొట్టతను కొత్త మీటర్లన్నీ గిర్రున తిరుగుతాయన్నాడు. ఫోనులో వచ్చిన వీడియో, ఫలానా పెట్టె కొని తగిలిస్తే బిల్లు సగమవుతుందని చెప్పింది. ఎదురింటాయన గొంతు తగ్గించి, "మీ కాసింబీ మోటారు మిషను పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది కదా" అన్నాడు.

ఆ మాట నిజమనిపించింది. మిషను మోత దస్తగిరికీ రోజూ వినిపిస్తూనే ఉంది.

వెళ్లి ఆమెకు చెప్పేశాడు. "నెలాఖరుకు ఇంకో గది చూసుకో, అక్కా. నీ మిషను బిల్లు మేం కట్టలేం."

కాసింబీ తల వంచుకుని దారం తెంపింది.

దస్తగిరి తిరిగొచ్చి గురువుకు జరిగింది చెప్పాడు. "బాగా విచారించే చెప్పాను, హజ్రత్. చాలామందిని అడిగాను."

పీరుగారు లేచి వరండాలో మీటరు ముందుకు వెళ్లారు. "దర్గాలో స్విచ్చులన్నీ ఆపెయ్" అన్నారు.

దస్తగిరి ఆపాడు. కరెంటు కాలేకొద్దీ మీటరులో మినుకుమనే ఎర్రలైటు ఆగిపోయింది.

"కాసింబమ్మా, కాస్త మిషను వెయ్యి తల్లీ" అని కేకేశారు గురువు.

మిషను మోగింది. ఎర్రలైటు ఒకసారి వెలిగి ఆరింది. పది లెక్కపెడితే గానీ మళ్లీ వెలగలేదు. దస్తగిరి లెక్కపెడుతూనే ఉన్నాడు. అతని మొహం మారింది.

"సరే, ఇప్పుడు మిగతావి ఒక్కొక్కటే వెయ్యి."

ఫ్యాన్లు వేశాడు, లైట్లు వేశాడు. పెద్ద తేడా రాలేదు. బాటసారుల స్నానాలగదిలో గీజరు వేయగానే ఎర్రలైటు టపటపా కొట్టుకుంది. ఇద్దరూ మెట్టుమీద కూర్చున్నారు. చాలాసేపటికి ఆ జోరు తగ్గింది. కాసేపటికే మళ్లీ మొదలైంది.

"లోపల ఎవరైనా స్నానం చేస్తున్నారా?" అడిగారు పీరుగారు.

"ఎవరూ లేరు."

దస్తగిరి వెళ్లి చూశాడు. వేడినీళ్ల కుళాయి దారంలా కారుతోంది. నీళ్లు గోడవారగా, చప్పుడు లేకుండా తూములోకి పోతున్నాయి. ఎప్పుడూ వేసే ఉంచే గీజరులో ఎంత పోతే అంత మళ్లీ కాగుతోంది.

అతను వచ్చి గురువు ముందు నిలబడ్డాడు.

"నువ్వు ఇంకొకరిని అడగడం మిగిలిపోయింది. వెళ్లు" అన్నారు పీరుగారు మెల్లగా.

కాసింబీ గది తలుపు తీసే ఉంది. ఆమె అప్పటికే రవికగుడ్డలు మూట కడుతోంది. దస్తగిరి గడప దగ్గరే ఆగిపోయాడు.

"మూట విప్పెయ్యక్కా. నీ మిషను కాదు. స్నానాలగదిలో కుళాయి కారుతోంది."

"అదా. నెల నుంచీ కారుతోందిగా" అంది కాసింబీ.

"నీకు తెలుసా? మరి చెప్పలేదేం?"

"దానికీ బిల్లుకీ సంబంధమని నాకేం తెలుసు తమ్ముడూ. నువ్వు అడిగుంటే చెప్పేదాన్ని."

దస్తగిరి గడపమీద కూర్చుండిపోయాడు.