గీత పడిన జవాబులు

నరహరి మాస్టారు అడిగిన ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం ఎవరూ ఎరగరు. అడిగినవాళ్ళ చేతికే ఏదో పని అప్పగించేవారు. పలాసలో, జీడిపప్పు కార్ఖానాల వెనక రేకుల షెడ్డులో ఆయన ఉద్యోగ పరీక్షలకు పాఠాలు చెప్పేవారు.

దమయంతి పగలంతా జీడిగింజలు కొట్టి, సాయంత్రం అక్కడికి వచ్చేది. నిరుడు రెండే రెండు మార్కుల్లో ఉద్యోగం తప్పింది. ఈసారీ తప్పితే ఇక వయసు దాటిపోతుంది.

"మాస్టారూ, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు కదా. తెలియని ప్రశ్న వదిలెయ్యాలా, గుడ్డిగా ఏదో ఒకటి పెట్టాలా?" అని అడిగింది.

మాస్టారు ముప్పయి మందికీ జవాబు కాగితాలు పంచారు. ప్రశ్నలు మాత్రం ఇవ్వలేదు. "అరవై ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు. పెట్టండి" అన్నారు.

నవ్వుకుంటూనే అందరూ గుర్తులు పెట్టారు. దిద్దితే వాళ్ళలో ఢిల్లేశు అనే కుర్రాడికి ఎనిమిది మార్కులొచ్చాయి. "నా చెయ్యి మంచిది మాస్టారూ!" అని పొంగిపోయాడు. ఇంకోసారి పెట్టిస్తే సున్నాకు నాలుగు కిందికి దిగాడు. మొదటిసారి ముప్పయి మందికీ వచ్చినవి కలిపితే మొత్తం నాలుగు మార్కులు! నాలుగింట ఒకటి తగులుతోంది, తగలని మూడూ కలిసి దాన్ని మింగేస్తున్నాయి.

"అయితే పెట్టినా, వదిలేసినా ఒకటేనన్నమాట" అంది దమయంతి నీరసంగా.

"నిరుటి ప్రశ్నపత్రం ఉందా?"

ఫలితాలు వచ్చాక ఆమె దాని మొహం చూడలేదు. మర్నాడు పెట్టె అడుగునుంచి తీసి తెచ్చింది. వదిలేసిన ప్రశ్నలు పద్దెనిమిది.

"ఒప్పేదో వెతక్కు. ఇది మాత్రం కాదు అని గట్టిగా అనిపించినవి కొట్టెయ్" అన్నారు మాస్టారు.

పెన్సిలు మెల్లగా కదిలింది. ఒక్కో ప్రశ్నలో రెండేసి జవాబులు కొట్టేసింది. మిగిలిన రెండింటిలో తోచినదానికి గుర్తు పెట్టింది. మాస్టారు దిద్దారు. తొమ్మిది ఒప్పు, తొమ్మిది తప్పు. కోత మూడు పోగా ఆరు మార్కులు మిగిలాయి.

దమయంతి ఆ ఆరు పక్కనే నిరుడు తగ్గిన రెండును రాసుకుంది. తలెత్తి ఆయన్ను చూడబోతే కళ్ళు నీళ్ళతో మసకబారాయి. ఎన్నేళ్ళు పాఠాలు చెప్పినా ఇంత తేటగా ఎవరు చెప్పగలరు అనుకుంది.

"ఏమీ తెలియదని వదిలేసిన చోట ఇన్ని గీతలు ఎవరు గీశారమ్మా?" అన్నారు మాస్టారు.