ఆవు లేని వీధి

అనగనగా ఒక ఊళ్ళో... ఊఁ కొట్టవేమే? కొట్టావా, సరే. అనగనగా ఒక ఊళ్ళో వీధులైతే ఉన్నాయి గానీ, ఒక్కదానికీ పేరు లేదు. ఎవరైనా దారి అడిగితే, కంటికి ఏది కనిపిస్తే దాన్ని గుర్తు చెప్పేసేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం ఆ ఊళ్ళో చిట్టెమ్మకు నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. మొగుడు సింహాద్రి పక్కూరి మంత్రసాని పైడమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "ఎర్రావు పడుకున్నచోట ఎడమకి తిరుగు. తాత చుట్ట కాలుస్తున్న అరుగు దగ్గర కుడికి. పసుపు చీర ఆరేసిన ఇంటి పక్కిల్లే మాది" అని చెప్పి, అటునుంచి అటే అత్తగారిని తీసుకురావడానికి పోయాడు మహానుభావుడు!

పైడమ్మ ఊళ్ళోకి వచ్చింది. ఆవు లేదు.

"బాబూ, ఎర్రావు ఏదీ?"

"నీళ్ళకెళ్ళింది. వచ్చేస్తుంది, కూర్చో."

"అదెక్కడ పడుకుంటుందయ్యా?"

"దాని ఇష్టం."

పైడమ్మ పళ్ళు నూరుకుంటూ తోచినచోట ఎడమకి తిరిగింది. అప్పుడు వరసగా నాలుగు అరుగులు కనిపించాయి. చుట్ట తాత మాత్రం లేడు. "భోజనానికెళ్ళాడు. తిన్నాక ఇక్కడే కూర్చుంటాడులే" అంది ఒకావిడ తీరిగ్గా.

"ఆయన తినేలోపు అక్కడ బిడ్డ భూమ్మీద పడిపోతుందే తల్లీ!"

ఆ తర్వాత తోచిన అరుగు దగ్గర కుడికి తిరిగి, ఇంటింటి ముందూ ఆగి పసుపు చీర గురించి అడిగింది. "ఆరిపోయిందని తీసేశాను పిన్నీ. కావాలంటే మళ్ళీ ఆరేస్తాను" అందొక కోడలు పిల్ల. పైడమ్మ నెత్తి కొట్టుకుంది. అప్పుడే పక్కింట్లోంచి చిట్టెమ్మ కేక వినిపించింది. ఒక్క పరుగున లోపలికెళ్ళేసరికి బిడ్డ తల బయటికొచ్చేస్తోంది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో! ఆడపిల్ల, బంగారు బొమ్మ.

ఇరవై ఒకటో రోజున బారసాల. ఊరంతా వచ్చింది. పైడమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కదల్లేదు.

"ముందు వీధులకి పేర్లు పెట్టండి. అందాకా పిల్లను ఉయ్యాల్లో వెయ్యను."

ఇంకేముంది! ఒకాయన మా తాత పేరన్నాడు. ఇంకొకాయన మా తాత పేరే అన్నాడు. మూడో ఆయనకీ ఒక తాత ఉన్నాడు. అరుచుకుంటూనే ఉన్నారు. బిడ్డ ఆకలికి గుక్కపట్టింది.

"నోళ్ళు ముయ్యండి!" అంది పైడమ్మ. "మీ తాతలెవరూ నాకు దారి చూపించలేదు. నన్ను దారి తప్పించిందెవరో నాకు తెలుసు. మొదటిది ఆవు లేని వీధి. రెండోది తాత భోజనం సందు. మూడోది చీర తీసేసిన వీధి. సున్నం తెండి, గోడల మీద రాయండి!"

రాశారు. రాయకపోతే పిల్లనిచ్చేట్టు లేదు మరి. ఆ పేర్లే ఇప్పటికీ ఉన్నాయి.

ఆ తర్వాత వానాకాలంలో ఇంకో ఇల్లాలికి నొప్పులొచ్చాయి. "తాత భోజనం సందు, మూడో ఇల్లు" అని పైడమ్మకు కబురెళ్ళింది. ఇక్కడ పొయ్యి మీద నీళ్ళింకా కాగలేదు, పైడమ్మ గుమ్మంలో ఉంది.

"అప్పుడే వచ్చేశావేంటి పైడమ్మా!" అని అత్తగారు నోరు వెళ్ళబెట్టింది.

"ఏం, వెనక్కెళ్ళి ఊరంతా తిరిగి రమ్మంటావా?" అంటూ పైడమ్మ చెంగు బిగించి లోపలికి నడిచింది.

కథ చేరె కంచికి,
మనం చేరాం ఇంటికి,
కునుకు రావాలి నీ కంటికి!