రాజుగారు ఎక్కని రథం

అనగనగా, గుర్రాల డెక్కల చప్పుడుతో తెల్లవారి, ఆ చప్పుడుతోనే పొద్దుగూకే నగరం ఒకటి ఉండేది. దాని పేరు మణిగిరి.

ఆ నగరాన్ని ఏలే భద్రసేనుడికి రథాలంటే మహా మోజు. ఎవరి రథానికి ఎన్ని గుర్రాలుంటే సభలో వారికి అంత ముందు పీట. ఇంకేముంది, ఊరు ఊరంతా రథాలెక్కింది. పక్కింటికి తోడు మజ్జిగ కోసం వెళ్లాలన్నా రథం కట్టాల్సిందే. నేల మీద నడిచేవాణ్ణి చూస్తే అందరూ జాలిపడేవారు. వీధుల వెడల్పు చాలక చెట్లు కొట్టేశారు. దుమ్ము లేచింది. లేచిన దుమ్ము మళ్లీ దిగలేదు.

పెద్దలకు మోకాళ్లు పట్టేశాయి. పిల్లలకు దగ్గు పట్టుకుంది. అయినా రాజుగారికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఒకనాటి మధ్యాహ్నం ఆయన ఐదేళ్ల కూతురు చారుశీలకు ఊపిరి అందలేదు. గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి, పెదవులు నల్లబడ్డాయి.

వైద్యుడు ఆనందాచార్యుల ఇల్లు కోటకు దగ్గరే. కానీ అంతటి వైద్యుణ్ణి కాలినడకన వెళ్లి పిలిస్తే అగౌరవమట. అందుకని సేనాపతి రథమెక్కి బయలుదేరాడు. అంగడి వీధి మొదట్లోనే ఇరుక్కుపోయాడు. ముందు రథం, వెనక రథం, పక్కన రథం. ఎవరూ వెనక్కి తగ్గరు; తగ్గితే పరువు తక్కువ.

రాజు ఈసారి మంత్రిని పంపాడు, ఇంకా పెద్ద రథంలో, నగారా మోగించుకుంటూ. నగారాకు గుర్రాలు బెదిరాయి. మంత్రి రథచక్రం సేనాపతి రథచక్రంలో దూరి బిగుసుకుంది. దుమ్ము కోట కిటికీల దాకా ఎగసింది. పాప దగ్గడం కూడా మానేసింది. దగ్గడానికి ఒంట్లో శక్తి లేదు.

"నేనే వెళ్తాను. పట్టపు రథం కట్టండి," అన్నాడు రాజు.

రాణి అలివేణి పైట చెంగు నీళ్లలో ముంచి పాప ముక్కు మీద కప్పి, బిడ్డను భుజానికెత్తుకుని గుమ్మం వైపు నడిచింది.

"మహారాణివి, నడిచి వెళ్తావా? ఊరంతా చూస్తుంది," అన్నాడు రాజు.

"చూడనివ్వండి ప్రభూ. పరువు పోతే మళ్లీ తెచ్చుకుందాం. బిడ్డ పోతే ఎక్కణ్ణుంచి తెస్తారు?"

ఆమె వంటశాల వెనక తలుపు తీసుకుని వీధిలోకి దిగింది. రాజు ఆమె వెనకే పరుగెత్తాడు. పట్టుమని పదడుగులు వేసేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. ఇద్దరూ రథాల సందుల్లోంచి, చక్రాల పక్కనుంచి ఒదిగి ఒదిగి దాటారు. రథం మీద కూర్చున్న సేనాపతి వాళ్లను గుర్తుపట్టి తల దించుకున్నాడు.

వైద్యుడు పాపకు ఆవిరి పట్టాడు. కషాయం చుక్కలు చుక్కలుగా గొంతులో పోశాడు. చాలాసేపటికి పిల్లికూత సన్నబడింది. పాప కళ్లు తెరిచి "అమ్మా" అంది. రాణి అప్పుడు ఏడ్చింది.

"ఏం జబ్బిది?" అని అడిగాడు రాజు.

"దుమ్ము, ప్రభూ. నా మందు ఈ పూటకే. రేపు మళ్లీ ఆ గాలే పీల్చాలి కదా."

"ఇంత దుమ్ము లేపుతున్నదెవరో చెప్పండి. శిక్షిస్తాను."

వైద్యుడు నిజమే చెప్పాడు. "రోజూ పొద్దున్నే మొదట బయటికొచ్చే రథం తమరిదే ప్రభూ. మిగతావన్నీ దాన్ని చూసి వచ్చినవే."

అంతలో భటులు వీధి ఖాళీ చేయించి పట్టపు రథాన్ని వాకిట్లో నిలబెట్టారు. జనం రాజునే చూస్తున్నారు. ఆయన పాపను ఎత్తుకుని రథం మెట్టు మీద కాలు పెట్టాడు. గుర్రాలు కదిలాయి, దుమ్ము లేచింది, పాప మళ్లీ దగ్గింది.

రాజు కాలు వెనక్కి తీశాడు.

"గుర్రాలను విప్పేయండి," అన్నాడు.

కూతుర్ని ఎత్తుకుని నడిచే కోటకు చేరాడు. మర్నాడు సభకూ నడిచే వచ్చాడు. రాజే నడుస్తుంటే రథమెక్కడానికి ఇంకెవరికి మొహం చెల్లుతుంది? దూరం వెళ్లేవారికీ ముసలివారికీ నలుగురూ కలిసి ఎక్కే పెద్ద ఎడ్లబళ్లు పెట్టించాడు. రథశాలలు తీయించి వేపమొక్కలు నాటించాడు. కాలం గడిచేకొద్దీ దుమ్ము అణిగింది, పెద్దల మోకాళ్ల పట్టు వదిలింది, రాజుగారి పొట్ట కూడా కాస్త తగ్గింది. చారుశీల తండ్రి కన్నా ముందు పరుగెత్తి, "నాన్నగారూ, త్వరగా రండి" అని విసుక్కునేది.

కాబట్టి పిల్లలూ, నడిచి వెళ్లగలిగిన చోటికి బండి కట్టేవాడు తన కాళ్లూ పోగొట్టుకుంటాడు, పక్కవాడి ఊపిరీ తీస్తాడు.