అచ్చియమ్మ వంకర అప్పడం

అనగనగా, కాకులింకా తెల్లగా ఉన్న రోజుల్లో, పెసరగుంట అనే ఊళ్లో అచ్చియమ్మ ఉండేది. అప్పడాలు చేసి అమ్మేది. ఆవిడ పిండి దంచితే పక్కూళ్లో మామిడికాయలు రాలేవి. అప్పడం ఒత్తితే అందులోంచి గోదారి అవతలి గట్టు కనిపించేది. కాకుల్ని అదిలిస్తే మూడు తరాలు ఆ వాకిట వాలేవి కావు. అన్నీ ఒక్కతే చేసుకునేది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువులో చేపలు ఈత మరిచిపోయాయి. పొలాల్లో పనుల్లేవు. మొగుడు పోయిన సూరాలుని పిలిచి అచ్చియమ్మ, "రావే, నాలుగు మెతుకులు తిని పో" అంది.

"ఊరికే పెడితే ముద్ద దిగదు వదినా."

మర్నాడు అచ్చియమ్మ రెక్కకి కట్టు కట్టుకుంది. "అయ్యో, నా వల్ల కాదే! ఈ పిండి నువ్వు దంచి పెట్టు." సూరాలు రోకలి అందుకుంది.

తర్వాత మగ్గం మూలపడ్డ నూకాలు. "ఊరికే పెడితే ముద్ద దిగదు" అంది. అచ్చియమ్మ కళ్లు చికిలించింది. "అయ్యో, నా వల్ల కాదే! చూపు ఆనడం లేదు, నువ్వు ఒత్తు."

ఆ తర్వాత కుంటి పెంటయ్య. అతనిదీ అదే మాట. "అయ్యో, నా వల్ల కాదు మావా! కాకిని చూస్తే గుండె దడ." పెంటయ్య కర్ర పట్టుకుని ఎండే అప్పడాల పక్కన కూచున్నాడు.

"నడవలేనోడు కాపలా, చేతకానిది యజమానురాలు!" అని ఊరు నవ్వింది. అచ్చియమ్మా నవ్వింది.

ఇలా ఉండగా జమీందారు కూతురి పెళ్లికి లక్ష అప్పడాలు కావలసొచ్చాయి. ఆయన దివాణంలో లెక్కలు చూసే పేష్కారు గుర్రమెక్కి వచ్చాడు. "ఏమమ్మా, నీకు చేతకాదటగా? నా ఎదుట ఒక్కటి ఒత్తు. బాగుంటే బేరం నీది. లేదంటే పొరుగూరు పోతాను."

బేరం పోతే నాలుగు పొయ్యిలు ఆరతాయి. బాగా ఒత్తిందా, ఇన్నాళ్లూ ఊరికే తిన్నామని ఆ ముగ్గురూ లేచి వెళ్లిపోతారు. అచ్చియమ్మకి పట్టిన చెమట కాలువై వీధిలోకి పారింది. అప్పడాల కర్ర తీసుకుని ఒత్తింది. ఒక పక్క రొట్టంత మందం, ఒక పక్క చిల్లు. ఎద్దు తొక్కిన పిడకలా వచ్చింది.

పేష్కారు చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"లేవమ్మా, నీ వల్ల కాదు!" అని నూకాలు కర్ర లాక్కుంది. సూరాలు పిండి ఉండ అందించింది. నూకాలు ఒత్తి చూపించింది. పెంటయ్య ఎండిన అప్పడమొకటి నూనెలో వేయించి తెచ్చాడు. పేష్కారు కొరికిన చప్పుడికి గుర్రం బెదిరి మూడు ఊళ్లు పరిగెత్తింది.

"బేరం మీదే" అని పేష్కారు అచ్చియమ్మ వైపు తిరిగాడు. "మరి ఇక్కడ నీ పనేమిటి?"

"ఈళ్లని పిలవడం బాబూ" అంది అచ్చియమ్మ.

లక్షకి ముగ్గురేం చాలుతారు? ముప్పైమంది పనిలోకి వచ్చారు. ఆ ఏడు పెసరగుంటలో ఎవరూ వలస పోలేదు.

నూటిరవయ్యో ఏట అచ్చియమ్మ మంచాన పడింది. తెలివి లేదు. సూరాలు, పెంటయ్య మంచం దగ్గరే ఉన్నారు. నూకాలు పక్కనే పీట వేసుకుని ఒత్తుతోంది. అచ్చియమ్మ చెయ్యి దానంతటదే పీట మీదికి వచ్చింది. మూసిన కళ్లు తెరవకుండానే ఒక్క అప్పడం ఒత్తింది. గుండ్రంగా, పల్చగా, నిండు చందమామలా. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దొంగ ముసలి!" నూకాలు ముక్కు చీదింది. "మనల్ని ఊరికే కూచోబెట్టి మేపిందా?"

"ఊరికేనా?" అని సూరాలు కాయలు కాసిన అరచేతులు చాపింది. "మరి ఇవెక్కడివే?"

ఆ వైపు ఇప్పటికీ ఎవరు గానుగ పెట్టినా, కుట్టు మిషను పెట్టినా, ఇటుకల బట్టీ పెట్టినా, మొదటి రోజు యజమాని పనివాళ్ల ముందు కూచుని ఒక అప్పడం ఒత్తాలి. వంకరగా వస్తే నవ్వుకుంటూ పనిలోకి దిగుతారు. గుండ్రంగా వచ్చిందో, ఒక్కరూ కదలరు. "మళ్లీ ఒత్తు బాబూ" అంటారు.